వాటాకొచ్చిన గేరు

ముత్తెన్న సేటు దుకాణంలోకి రాకముందే ఆయన గొంతు వచ్చింది. వెనకాల ఒక హమాలీ నెత్తి మీద మోటారు కారు చక్రం మోసుకొచ్చి, ఎక్కడ దించాలో తెలియక గుమ్మంలో నిలబడిపోయాడు.

"కింద వెట్టి పోరా, ఏం జూస్తున్నవ్? ఏయ్ దేవిదాసూ! మిషిని బందు వెట్టు. మాట్లాడాలె."

దేవిదాస్ వెంటనే ఆపలేదు. లేతు మీద పసుపు పాలిష్ డ్రమ్ము ఇరుసు తిరుగుతోంది. ఆ కోత కొసదాకా పోయేవరకు అతను టూలు మీద నుంచి కన్ను తీయలేదు. సేటును కాసేపు నిలబెట్టడం అతనికి హాయిగానే ఉంది. ఆర్మూరు మార్కెట్‌లో ఆడ్తి దుకాణం పెట్టి ఇన్ని ఊళ్ల పసుపును తన తరాజు మీదుగా పంపే మనిషిని నిలబెట్టే అవకాశం ఊరికే రాదు.

మిషిని ఆగాక సేటు చక్రాన్ని చెప్పుకాలితో తట్టాడు. సైకిలు చక్రానికి ఉన్నట్టు పుల్లలున్న పెద్ద చక్రం. దానితోపాటు ఇరుసు నుంచి ఊడదీసిన హబ్బు కూడా తెచ్చాడు. ఈ బండికి నాలుగైదు బోల్టులు ఉండవు. హబ్బు మీద చూడీలు, అంటే మర గాళ్లు, ఉంటాయి, వాటి మీద ఒకే ఒక్క పెద్ద నట్టు ఎక్కి చక్రాన్నంతా పట్టి ఉంచుతుంది.

"వేల్పూరు దిక్కు దొర గడీల నుంచి కొన్న విలాయతి కారు ఎర్కేగదా? నందిపేట తొవ్వల నట్టు ఊడి కాలువల వడ్డది. హైదరాబాదుల లేదు, బొంబాయిల లేదు. గా కంపినీయే మూతవడి మస్తు దినాలైందట. కొత్తది చెయ్యాలె."

"ఎప్పటికి?"

"సోమారం కొత్త పసుపు మార్కెట్‌కు వస్తది. బోణీ నాడు నేను గా కార్ల దిగాలె. నమూనాకు ముందు చక్రం నట్టు తెచ్చిన, సూడు."

దేవిదాస్ హబ్బును వెలుతురుకు తిప్పి చూడీ కొలిచే గేజీ రేకులు ఒక్కొక్కటే పెట్టి చూశాడు. ఏ రేకు పెట్టినా పళ్ల మధ్యలోంచి వెలుతురు సన్నగా కనిపిస్తూనే ఉంది. ఇక్కడి బోరు మోటార్లు, ఆయిలింజన్లు, ట్రాక్టర్లు అన్నీ ఇంచీ లెక్కవి. ఇది ఆ లెక్కకు లొంగడం లేదు.

"ఇది మిల్లీమీటరు చూడీ సేటు. ఇంచీ మిషిని మీద గిది కొయ్యాలంటే నూట ఇరవై ఏడు పళ్ల పెద్ద గేరు గావాలె. గది నా దగ్గర లేదు, అన్న దగ్గరున్నది."

"ఆనికెవలిచ్చిన్రు?"

"మీరే."

సేటు గోడ వంక చూశాడు. గోడకు మేకులు ఒకే వరుసలో కొట్టి ఉన్నాయి. ఎడమ సగం మేకులకు చిన్న గేర్లు వేలాడుతున్నాయి. కుడి సగం ఖాళీ. ఆ ఖాళీ మేకుల కింద గేర్లు ఆనిన నూనె మరకలు గుండ్రంగా, ఒకదాని కంటే ఒకటి పెద్దగా, అట్లాగే మిగిలిపోయాయి.

అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు పెద్దమనిషిగా కూర్చున్నది ఈ సేటే. మిషినిని రెండుగా కోయలేరు కనుక రోజులు పంచాడు. సోమ, బుధ, శుక్ర వారాలు అన్న బాబురావుకు, మంగళ, గురు, శని వారాలు దేవిదాసుకు. ఒకరి రోజున ఇంకొకరు మిషిని ముట్టాలంటే నోరు తెరిచి అడగాలి. గేర్ల దగ్గరికి వచ్చేసరికి పొద్దుపోయింది, ఆయనకు ఆకలైంది. "చిన్నయి చిన్నోనికి, పెద్దయి పెద్దోనికి" అని చేతులు దులుపుకుని లేచాడు. గేర్లు జతలు జతలుగా పనిచేస్తాయని, సగం గేర్లతో సగం చూడీలే కోయగలరని అన్నదమ్ములిద్దరికీ తెలుసు. ఇద్దరూ నోరెత్తలేదు. అవతలివాడే ముందు వచ్చి తన కాళ్లు పట్టుకుంటాడని ఎవరి మటుకు వాళ్లు అనుకున్నారు. అడిగిన పాపాన ఇంతవరకూ ఎవరూ పోలేదు.

"గవన్నీ నాకు చెప్పకు," అన్నాడు సేటు. "మీ అన్న మస్కట్ పోతడట. ఏజెంటుకు కట్టనీకి పైసల్లేవు, మిషిని అమ్మి సగం ఇప్పియ్యమని నా పానం దీస్తుండు. నిజామాబాద్ నుంచి కొనెటోడు సోమారమే వస్తుండు."

"నేనమ్మ."

"నువ్వొద్దంటే ఆగుతదా? నీ దినాలు నువ్వు నడుపుతవ్, ఆయన దినాలు తాళం ఉంటది. సగం మిషినిని సంకలెత్తుకుని ఎన్నొద్దులుంటవ్? ఇగో, నా మాట ఒక్కటే. సోమారం పొద్దటికి నా చక్రానికి నట్టు ఎక్కితే మిషిని అమ్మనియ్య. ఎక్కకపోతే కొనెటోడు లారీల ఏసుకపోతడు. మల్ల నా గుమ్మం ముందట ఏడ్వకు."

సేటు పోయాక కూడా దేవిదాస్ చాలాసేపు ఆ హబ్బు ముందే కూర్చున్నాడు. ఈ మిషిని తప్ప అతనికి ఇంకో విద్య రాదు, ఇంకో విద్య మీద మనసూ లేదు. పొద్దున తాళం తీసి మిషిని పట్టాల మీద పడ్డ పసుపు దుమ్ము తుడవకపోతే ఆ రోజు అతనికి తెల్లవారినట్టే ఉండదు. 

ఆ రోజు గురువారం, తన రోజే కాబట్టి ఆగలేదు. పాత లారీ యాక్సిల్ తల ఒకటి మూలన పడి ఉంటే కోసి, మిషిని చక్కులో కట్టి, నడుమ రంధ్రం చేసి, తన దగ్గరున్న చిన్న గేర్లతోనే దగ్గర దగ్గరగా వచ్చే జత ఒకటి కుదిర్చాడు. వెంట్రుకంత తేడా. వెంట్రుకంతే కదా అనుకున్నాడు. నట్టు హబ్బు మీద ఒక చుట్టు ఎక్కింది, రెండో చుట్టు ఎక్కింది, మూడో చుట్టులో బిగిసి కూర్చుంది. వెంట్రుకకు వెంట్రుక కలిసి ఎంతవుతుందో అతనికి తెలియనిదేం కాదు. అయినా కోపంతో గొలుసు పానా వేసి తిప్పబోయాడు. హబ్బు చూడీ నలుగుతుందని భయం వేసి, మెల్లగా వెనక్కి తిప్పి ఊడదీసి, ఆ నట్టును ఇనుప తుక్కులోకి విసిరేశాడు.

శుక్రవారం బాబురావు రోజు. ఆయన పని మానేసి చాలా కాలమైంది. తమ్ముడు లోపలికి అడుగు పెట్టకుండా చూడటానికే వచ్చి తాళం తీస్తాడు. ఆ రోజు కూడా ఇస్త్రీ చేసిన ప్యాంటు నలగకుండా స్టూలు మీద ఓ పక్కకు కూర్చుని పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు. టేపు పట్టుకుని మిషిని పొడవూ వెడల్పూ అప్పుడే కొలిచినట్టున్నాడు, పట్టాల మీద సుద్దతో గీసిన గుర్తులు కనిపించాయి.

దేవిదాస్ గడప బయటే ఆగాడు.

"ఏందిరా, గడవల నిలవడ్డవ్?"

"సూస్తున్న."

"సూడు. సోమారం దాక సూడు. మల్ల సూస్తనన్నా దొర్కది."

"గా పెద్ద గేరు... నువ్వు ఒక్కపారన్న వాడినవా?"

"వాడలే."

"మరి ఇంట్ల వెట్టుకుని ఏం జేస్తున్నవ్?"

"మీ వదినె తునికాకు మీద బరువు వెడ్తది. నా వాటాకొచ్చింది, నా ఇష్టం. ఆకు మీద వెడ్త, పెంటల వారేస్త. నీకేంది?"

దేవిదాసుకు చెవులు వేడెక్కాయి. నాన్న కిరోసిన్‌తో కడిగి, నూనె గుడ్డతో తుడిచి మరీ మేకుకు తగిలించే గేరు. ఇప్పుడది బీడీల ఆకు మీద తడిలో తుప్పుపడుతోంది.

బాబురావు పుల్ల పారేసి అతని వంక సూటిగా చూశాడు. "అన్నా, గేరియ్యవా అని అడుగు. నోరార అడుగు. ఇచ్చుడు, ఇయ్యకపోవుడు తర్వాత సంగతి."

ఏడాదిగా దేవిదాస్ ఆ మనిషిని అన్నా అని పిలవలేదు.  అడిగితే పోయేదేమీ లేదు, ఆ మాట అతనికీ తెలుసు. కానీ అన్న ఆ స్టూలు మీద కాలు మీద కాలేసుకుని, తన నోటి వెంట మాట ఎట్లా జారుతుందా అని కాచుకుని ఉన్నాడు. ఆ మొహం చూస్తూ అడగడం కంటే చేతులు నరుక్కోవడం నయం అనిపించింది.

"పెంటల్నే వారెయ్యి," అని వెనక్కి తిరిగి వచ్చేశాడు.

ఇంటికి వచ్చి భార్య రాధాబాయి మీద లేనిపోని కోపం చూపించాడు. అన్నం పళ్లెం జరిపేసి, మీ వాళ్లలో గేర్లున్నోళ్లు ఎవరైనా ఉన్నారా అని అర్థం లేని మాట అడిగాడు. ఆమె, మా వాళ్లకు గేర్లు లేవు, పౌరుషాలు కూడా లేవు అంది.

శనివారం పొద్దున అతను తాళం తీసి ఊరికే కూర్చున్నాడు. ఇరుసులు చేయించుకోవడానికి వచ్చినవాళ్లను రేపు మాపు అని పంపేస్తుంటే గంగామణి వచ్చింది. బాబురావు భార్య. బీడీ కార్ఖానాకు పోయే దారి ఈ దుకాణం ముందు నుంచే. రోజూ ఇటు తల తిప్పకుండా పోతుంది. ఈ రోజు గంప దించి, బీడీ కట్టల కింద చేయి పెట్టి, తడి గోనెలో చుట్టినది ఒకటి తీసి మిషిని పట్టాల మీద ధన్‌మని వేసింది.

"వదినె! పట్టాల మీద గట్లేస్తరా?"

"మీ పట్టాలు కాలవడ. సూసుకో, గదేనా?"

గోనె విప్పితే పెద్ద గేరు. పళ్ల సందుల్లో తునికాకు ముక్కలు, తంబాకు వాసన, ఒక పక్కన ఎర్రటి తుప్పు.

"అన్న ఇచ్చిండా?"

"ఇస్తడా మీ అన్న? ఆకు మీద రాయి వెట్టి గోనె కప్పొచ్చిన. లేపి సూడడు. గా పనికి ఆయన చెయ్యి ఎన్నడు రాలే."

దేవిదాస్ తుప్పు మీద వేలు రుద్దాడు. "మరి నువ్వెందుకు..."

"నీ మీద ప్రేమ పావురంతోని గాదు. నీ పెండ్లాం బోరింగుకాడ నన్ను ఏమేమన్నదో అన్నీ యాదికున్నయ్. మిషిని అమ్ముడువోతే ఏజెంటుకు ఇస్తడు, మస్కట్ వోతడు. అమ్మకపోతే ఇయ్యనీకి ఏముండది, ఇంట్ల వడి ఉంటడు. గంతే. మాపటికి మర్రొచ్చేటప్పుడు తీస్కపోత. అయినా కాకున్నా తీస్కపోత."

గంప ఎత్తుకుని పోయింది. దేవిదాస్ కృతజ్ఞత చెప్పలేదు, ఆమె ఆగనూ లేదు. అతనికి లోలోపల సంతోషంగానే ఉంది. ఎవరినీ అడగలేదు, ఎవరి ముందూ తల దించలేదు, గేరు దానంతటదే వచ్చింది. అన్న మొహం మీద కొట్టినట్టయిందనుకున్నాడు.

కిరోసిన్‌లో ముంచి తీగ బ్రష్షుతో ప్రతి సందూ రుద్దాడు. తుప్పు పైపైదే, పళ్లు కొత్తగా ఉన్నాయి. మిషిని పక్క డబ్బా తెరిచి గేరు ఎక్కించి, పళ్లు మరీ బిగుసుకోకుండా రెండింటి మధ్య కాగితం ముక్క పెట్టి తిప్పి, నట్టు బిగించి కాగితం లాగేశాడు. ఇంకో యాక్సిల్ తల కోసి రంధ్రం చేశాడు. చూడీ టూలును నమూనా నట్టుకు ఆనించి సానబట్టాడు.

మిల్లీమీటరు చూడీకి ఒక పీడ ఉంది. ఇంచీ మిషిని మీద కోసేటప్పుడు నడుమ లివర్ వదిలితే మళ్లీ అదే గాడిలో పడదు. ఒక్కో కోతకూ టూలు వెనక్కి లాగి, మోటారు ఉల్టా తిప్పి, మొదటికి తెచ్చుకోవాలి. అతను కుర్చీ కూడా వేసుకోకుండా నిలబడి, ఒక చేయి స్విచ్చి మీద, ఒక చేయి టూలు పిడి మీద పెట్టి, కోత వెనక కోత సన్నగా తీశాడు. నూనె పొగ కళ్లలోకి వస్తోంది. కొసన రెండు మూడు కోతలు మిగిలి ఉండగా కరెంటు పోయింది.

ఈ ఊళ్లో కరెంటు పోతే ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. వదిన వచ్చే వేళవుతోంది. దేవిదాస్ ఒక బూతు మాట గట్టిగా అని, కప్పి మీది బెల్టును రెండు చేతులా పట్టి లాగాడు. చక్కు అంగుళం అంగుళం తిరిగింది. లాగాడు, టూలు చూశాడు, మళ్లీ లాగాడు. మిగిలిన కోతలన్నీ అట్లాగే చేత్తోనే అయ్యాయి. అరచేతుల తోలు లేచింది. చక్కులోంచి విప్పి, తుడిచి, హబ్బు మీద పెట్టి తిప్పితే నట్టు వేలితో తోసినంత తేలిగ్గా మొదటి నుంచి కొసదాకా ఎక్కి కూర్చుంది. ఊడదీసి మళ్లీ ఎక్కించాడు. అవసరం ఉండి కాదు, చూసుకోవాలనిపించి.

గంగామణి వచ్చింది. "అయ్యిందా?" అని అడిగి, అయిందంటే గేరును గోనెలో చుట్టుకుని, ఖాళీ గంపలో వేసుకుని పోయింది.

సోమవారం కొత్త పసుపు వచ్చింది. యార్డు నిండా కుప్పలు, గాలి నిండా ఘాటు. సేటు కారు రెండు కుప్పల మధ్య నుంచి హారను మోగించుకుంటూ వచ్చి తరాజు ముందు ఆగింది. రైతులు చుట్టూ మూగారు. సేటు దిగి, పంచె సర్దుకుని, నిజామాబాదు నుంచి వచ్చిన కొనుగోలుదారును చూసి చేయి ఊపాడు.

"మిషిని అమ్ముడు లేదు. తొవ్వ వట్టు."

"సేటూ, నాకు మాటిచ్చిన్రు!" బాబురావు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"మాట మీ తమ్మునికి గూడ ఇచ్చిన. ఆడు చేసిండు. పంపకం ఎట్లున్నదో గట్లనే ఉంటది. నాకు పనున్నది, జరుగు."

బాబురావు ఇంకా అరుస్తాడని అందరూ అనుకున్నారు. అరవలేదు. కారు పక్కకు పోయి వంగి, చక్రం నడుమ మెరుస్తున్న నట్టును, దాని అంచున కనిపిస్తున్న చూడీని బొటనవేలి గోరుతో తాకి చూశాడు. ఆయనా నాన్న దగ్గర పని నేర్చినవాడే. లేచి తమ్ముడికి దగ్గరగా వచ్చి, ఇంకెవరికీ వినపడకుండా చెప్పాడు.

"శనారం నాడు ఆకు మీద రాయి ఎందుకున్నదో ఇప్పుడు సమజైంది."

బాబురావు జనంలో కలిసిపోయాడు. ఆయన వెనకాలే పోవాలి, వదిన ఇంటికి పోయి ముందే హెచ్చరించాలి అనుకున్నాడు దేవిదాస్. అంతలో ఎవరో భుజం తట్టారు, ఇంకెవరో చాయ్ తాగించారు, ఇంకో ఆడ్తిదారు తన జీపు సంగతి మాట్లాడాడు. అతను పోలేదు.

మర్నాడు అతను పని మీద ఉండగా రాధాబాయి అన్నం గిన్నె తెచ్చి, పెద్దాయన పొద్దున బొంబాయి బస్సెక్కాడట, అక్కడి నుంచి మస్కట్ పోతాడట అని చెప్పింది. ఏజెంటుకు ఏం ఇచ్చాడో ఆమెకు తెలియదు. దేవిదాస్ కూడా అడగలేదు. పీడ విరగడైందనుకున్నాడు. ఇక రోజుల లెక్క ఉండదు, వారమంతా మిషిని తనదే.

బుధవారం పొద్దున్నే పోయి, బాబురావు రోజని చూడకుండా తాళం తీశాడు. పట్టాల అంచున ఇంకా మిగిలిన సుద్ద గుర్తులు చెరిపేశాడు. చొక్కా విప్పి, గోడకు కుడి సగంలో ఖాళీగా ఉన్న మేకుకు తగిలించాడు. వేల్పూరు రైతు ఒకడు విరిగిన డ్రమ్ము ఇరుసు తెచ్చి బయట బండి దగ్గర కాచుకుని ఉన్నాడు. ఇరుసును చక్కులో కట్టబోతుండగా గంగామణి వచ్చింది. నెత్తి మీద గోనెసంచి, సంకలో బీడీల చాట.

వస్తూనే అతని చొక్కా తీసి బల్ల మీద పడేసింది. సంచి విప్పి, పెద్ద గేర్లు ఒక్కొక్కటే ఏ మరక మీదికి ఏది వస్తుందో చూసి మేకులకు తగిలించింది. అన్నిటికంటే పెద్దది చివరి మేకుకు వేసేటప్పుడు కాలి వేళ్ల మీద లేవాల్సి వచ్చింది. చేతులెత్తినప్పుడు కొంగు జారి మెడ కనిపించింది. బంగారు గుండ్లు లేవు. పసుపు తాడు ఒక్కటే ఉంది, కొత్తది, ఆ పచ్చదనం రైక అంచుకు అంటింది.

"గుండ్లేవి వదినె?"

"బొంబాయి పొయినయ్."

ఆమె గోడకు ఆనుకుని కూర్చుని చాట ఒళ్లో పెట్టుకుంది.  ఆ గుండ్లు అన్న తెంపినా, తాను తెంపినా ఒకటేననిపించింది దేవిదాసుకు. చేసేది తోచక స్విచ్చి దగ్గరికి నడిచాడు.

"ఆగు," అంది గంగామణి.

"ఏంది?"

"గియ్యాల బుదారం. మా దినం."

"అన్న పొయిండు గద వదినె."

"ఆయన పొయిండు. వాటా పొయిందా? ఇగో, తెచ్చి గోడకేసిన."

"నీకు మిషిని నడపస్తదా?"

"రాదు. నడపకుంట కూసునుడు వస్తది. మీ అన్న యాడాది గదే జేసిండు."

అతనికి ఒళ్లు మండింది. రెక్క పట్టుకుని బయట కూర్చోబెడదామా అనుకున్నాడు. సేటు దగ్గరికి పోదామా అనుకున్నాడు. సేటు ఏమంటాడో మొన్న విన్నాడు కదా, పంపకం ఎట్లున్నదో గట్లనే ఉంటది. బయట ఎద్దు మెడ ఊపింది, రైతు లోపలికి తొంగి చూశాడు. గంగామణి ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, కొస మడిచింది. తల ఎత్తలేదు.

దేవిదాస్ స్విచ్చి దగ్గర నుంచే ఆమె వైపు తిరిగాడు. 

"వదినె, గియ్యాల మిషిని నడుపుకుంట. ఇస్తవా?"

ఆమె బీడీకి దారం చుట్టి తెంపి చాటలో వేసింది.

"శుక్రారం నాడు మీ అన్న అన్నం తినుకుంట ఏమన్నడో ఎర్కేనా? 'ఆడు నోరు తెరిచి అడిగితే ఇచ్చేటోణ్నే' అన్నడు. గీ మాట ఆయననే అడిగి ఉంటే నేను ఆకు మీద రాయి వెట్టకపోదును."

దేవిదాస్ చూపు చివరి మేకుకున్న పెద్ద గేరు మీదికి పోయింది.

"నడుపు," అంది ఆమె. "మా దినాల పనిల సగం నాది."

అతను స్విచ్చి వేశాడు. చక్కు తిరిగింది, టూలు తగిలి ఇనుప చూర ఎగిరింది. గంగామణి చాట మీద కొంగు కప్పుకుంది కాని, కూర్చున్న చోటి నుంచి లేవలేదు.